పాత ర్యామ్ ఇచ్చేశాను

శంషాబాద్, 2011
శనివారం

పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు తెచ్చుకునే బుద్ధి నాది. ఎక్కడికి పోతుంది!

నేను ఎడిట్ చేసిస్తానన్న పక్కింటి లక్ష్మి పెళ్లి వీడియో తెరిచిన ప్రతిసారీ ల్యాప్‌టాప్ ఆగిపోతోందని పొద్దున సలీం భాయ్ షాపుకి తీసుకెళ్లాను. ఉన్న ర్యామ్ పక్కన ఇంకొకటి పెట్టించాలా, దాన్ని తీసేసి పెద్దది వేయించాలా అన్నది తేల్చుకోలేకపోయాను.

"రెండూ పొసగకపోతే పరేషానైతవు అక్కా. పెద్దది ఒక్కటే వేస్కో. పాతది నాకిచ్చెయ్, జర తగ్గిస్త," అన్నాడు.

తగ్గిస్తాననగానే ఇచ్చేశాను. ఒక్కరోజు దగ్గర ఉంచుకుందామని కూడా తోచలేదు.

మధ్యాహ్నం దాకా పని పరుగెత్తింది. తర్వాత తెర నీలంగా మారి ఆగిపోయింది. ఆన్ చేస్తే కాసేపు నడిచి, మళ్లీ నీలం. కొత్త ర్యామ్‌లోనే తేడా ఉందని షాపుకి ఉరికితే, నా పాత ర్యామ్ అప్పటికే ఇంకెవరి ల్యాప్‌టాప్‌లోనో ఉంది.

"ఇప్పుడైతే వేరేది లేదక్కా. సోమవారం మార్చిస్త."

సోమవారానికి లక్ష్మి మొగుడు దుబాయ్‌లో ఉంటాడు. రేపు సాయంత్రమే విమానం. ఇవాళ సాయంత్రం లక్ష్మి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అయ్యిందా అక్కా? ఆయన పెట్టె సర్దుతున్నడు. సీడీ పైననే పెడ్త."

"అయిపోతది, నువ్వు పో," అన్నాను, దాని మొహం చూడకుండా.

నీలం తెరల మధ్యే ముక్కలు కూర్చాను; ఇప్పుడు అవన్నీ కలిసి వీడియో మొత్తం ఒక్కటిగా తయారవుతోంది. ఎంత అయ్యిందో చూపే పచ్చగీత తెర మీద చాలాసేపటి నుంచి ఒకేచోట ఉంది. నడుస్తోందో, ఆగిపోయిందో తెలియదు. కదిపితే ఉన్నది కూడా పోతుందేమో. చేతులు మౌస్ మీదికి పోకుండా ఉండాలనే ఈ డైరీ పట్టుకుని కూర్చున్నాను.