పొలానికి ఇంకో గిన్నె

ఆచోలేకి,

నీ చెల్లెలు కున్‌జెస్ చేతులు జోడించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మన నాయనమ్మ అబీలే, ఎర్రావూ బాగానే ఉన్నాం. ఆ ముండ్‌గోడ్ ఉక్కలో నువ్వూ అలాగే ఉన్నావనుకుంటాను. చీవరం కట్టిన అన్నను ‘మీరు’ అనాలని అబీలే గదుముతుంది గానీ, చిన్నప్పుడు నా ముక్కు తుడిచిన వాణ్ణి అలా పిలవడం నావల్ల కాదు. పరీక్షలయ్యేదాకా మఠంలో ఫోన్లు ఇవ్వరని రాశావు. మంచిదే. ఈ సంగతి ఫోనులో అయితే పక్కనుంచి అబీలే వినేది.

నువ్వడిగినవి చెప్తాను. అబీలే మోకాళ్ళు అలాగే ఉన్నాయి. అయినా మంచులోనూ నిచ్చెనెక్కి మేడమీద మన మట్టి మరుగుదొడ్డికే పోతుంది. పని కానిచ్చి, నేలలోని కంతలోంచి కింది గదిలోకి రెండు పారల మట్టి వేసి, గెలిచినట్టు దిగి వస్తుంది. అమాలే, అబాలే లేహ్‌లో దుకాణం వదిలి కోతలకు కూడా రాలేదు. “మీ నాన్న అక్కడ పింగాణీ మీద కూర్చుని మన పొలం నోటి ముద్ద గుంతలో పోస్తున్నాడు” అని అబీలే రోజూ తిడుతుంది. మీ మఠంలో పోయేదైనా ఏదో ఒక పొలానికి చేరుతోందా అని నిన్ను కనుక్కోమంది.

పంపిన బార్లీ పిండి బాగుందని రాశావు. ఇద్దరే ఉన్న ఇంట్లో పొలానికి అంత ఎరువు ఎక్కడిదని అడిగావు. దానికి కాస్త ఆగు.

ముందు నా ఉద్యోగం సంగతి. పోయింది. లేహ్ హోటళ్ళ, దుకాణాల గుంతల్లోంచి లారీలు తెచ్చేది మా కేంద్రంలో ఎండబెట్టి, గడ్డి కలిపి, వేడికి కుళ్ళనిచ్చి ఎరువు చేసేవాళ్ళం కదా. నల్లగా, పొడిపొడిగా, చినుకు పడ్డ మట్టి వాసన వచ్చేది. ఒక్కరు తీసుకుంటే ఒట్టు. మన ఊళ్ళో ఎవరి దొడ్డి కింది గది వాళ్ళు చేతులతో ఎత్తి పొలంలో చల్లుకుంటారు, కానీ పరాయివాళ్ళదంటే ముక్కు మూసుకుంటారు. “మన ఇంటిది మన్ను, ఊరి మీది వాళ్ళది పెంట” అంటుంది అబీలే. ఆ లారీల్లో అబాలేది కూడా కలిసి ఉంటుంది కదా అని ఒకసారి అడిగాను. “వందమందిలో కలిశాక అది నా కొడుకుదని ఎవడు గుర్తుపడతాడే?” అంది.

వసంతంలో కింది గది తలుపు తీసిన రోజు నువ్వు ఉండాల్సింది. కిందటేడు రెండు బుట్టలకే అయిపోయి, అబీలే ఆ ఖాళీ గది ముందే సాయంత్రందాకా కూర్చుంది. ఈసారి తలుపు తీస్తే నడుం ఎత్తు గుట్ట! అబీలే నోరు తెరిచి, తర్వాత పగలబడి నవ్వింది. “జమ్మూ కాలేజీలో తిన్నదంతా దాచి తెచ్చావటే!” సాయానికొచ్చిన నోర్బూ మామ “అబీలే, ఈ వయసులో కూడా మీ ఇల్లు గట్టిదే” అన్నాడు. పంట సంగతి నీ నోటికి తెలుసు. అబీలే మొదటి వెన్ను ఇంటి దేవతకు పెట్టి, చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడింది.

కోతలయ్యాక ఊరిపెద్ద గోబా అందర్నీ పిలిచాడు. కేంద్రం ఉన్నది ఊరి ఉమ్మడి స్థలంలో. “ఒక్క ఇల్లు, ఈ ఎరువు మేం వేసుకుంటామనండి, స్థలం కేంద్రానికే ఉంచుదాం. లేదంటే తాళం” అన్నాడు. ఎవరూ కదల్లేదు. నోర్బూ మామ ఒక్కడే, “ఆ టూరిస్టులు ఏం తినొచ్చారో! రేపు నా బార్లీ హిందీలో మొలుస్తుంది” అన్నాడు. నవ్వులు.

అప్పుడు అబీలే లేచింది. గొంచా అంగీలోంచి ఇంత పొడుగు బార్లీ వెన్నులు తీసింది.

“చూడండి గోబాలే! మా ఇంట్లో ఉన్నది ఒక ముసలిదీ, ఒక పిల్లా. మా ఇద్దరి ఒంట్లోదే ఇది. మనది మనకు చాలదని ఎవరన్నారు? మా కున్‌జెస్ మంచిదే. చదువెక్కువై పరాయివాళ్ళది ఎండబెడుతోంది, అంతే.”

“అయితే నెల రోజులు మీ ఇంటికి భోజనానికి రానా అబీలే?” అన్నాడు మామ.

“రా, తిను. మా మేడెక్కకుండా మాత్రం పోవడానికి వీల్లేదు!”

అందరూ చప్పట్లు కొట్టారు. తాళం పడింది.

ఆచోలే, ఆ గుట్ట మాది కాదు. అబీలే ఉపవాస వ్రతానికి గోంపాకు పోయినప్పుడు నేనే కేంద్రం బండిలో ఎరువు బస్తాలు తెచ్చి కింది గదిలో పోశాను. ఖాళీ గది ముందు ఆవిడ మొహం ఇంకోసారి చూడలేక పోశాను. ఆ రోజు ఊరి ముందు ఒక్క మాట అంటే కేంద్రం నిలిచేది, సాక్ష్యం ఆవిడ చేతిలోనే ఉంది. కానీ ఆవిడ తినేది ఆ పొలంలో పండిందొక్కటే. చెబితే ఇక ముట్టదు. దేవతకు పెట్టినదాన్ని తలుచుకుని కుళ్ళిపోతుంది. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను.

ఇప్పుడు లారీలు మన వాగుకు ఎగువన, లోయలో కుమ్మరిస్తున్నాయి. మంచు కప్పేస్తుంది. కరిగాక అంతా మన కాలువలోకే వస్తుంది. వసంతంలో కింది గదిలో మళ్ళీ రెండు బుట్టలే ఉంటాయి. తప్పు తన ఒంటిదే అనుకుంటుంది అబీలే. చెప్పినా ఓడిపోతుంది, చెప్పకపోయినా ఓడిపోతుంది. నిన్ను ఏదో చెయ్యమని రాయడం లేదు, చేసేదేం కనపడదు. నీకు తెలియకుండా నువ్వూ తిన్నావు కాబట్టి చెప్పాను. మిగిలిన పిండి ఏం చేస్తావో నీ ఇష్టం.

ఆ సభ అయినప్పటినుంచి అబీలే రెండో గిన్నె థుక్పా పెట్టించుకుంటోంది. ఇంతకు ముందు ఒకటి కూడా పూర్తి చేసేది కాదు.

“అరగదు అబీలే, వద్దు” అన్నాను పొద్దున.

“నాక్కాదే పిచ్చిదానా, పొలానికి” అని గిన్నె చాపింది.

పోశాను.

ఇట్లు,
నీ నోమో,
కున్‌జెస్