పులిసిన బీరు, నీ డబ్బా

అమ్మా, బోబే దండాలు. బుసాన్‌లో మేమంతా కులాసా. నీ మోకాలి నొప్పి తగ్గిందా?

నాన్న తద్దినానికి ఇంట్లో చేసిన బీరు తెస్తానని గొప్పలు పోయానా, రెండుసార్లూ పులిసిపోయింది. పైగా వెల్లుల్లి కంపు. నీ అల్లుడు నీళ్లు మార్చారు, ఈస్టు మార్చారు, చివరికి నా వంక అనుమానంగా చూశారు. నాకు ఒళ్లు మండి, బీరు పులియబెట్టిన డబ్బా ఖాళీ చేసి, అందులో వేణ్ణీళ్లు పోసి మూతపెట్టి, చల్లారాక తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టాను. "ఇంకేముంది, మీ అమ్మగారు దిగారు!" అన్నారు.

అది నువ్వు క్యాబేజీలో వెల్లుల్లి, కారం దట్టించి కిమ్చి ఊరబెట్టి పంపిన ప్లాస్టిక్ డబ్బా. గట్టి పీచుతో తోమి తోమి లోపలంతా గీతలు పెట్టాను. ఆ గీతల్లో నీ కిమ్చి పులుపు కాపురం పెట్టింది.

కొత్త డబ్బాలో చేసింది బాగా కుదిరింది. పాతది తెస్తున్నాను, మళ్లీ కిమ్చి పెట్టివ్వు. నువ్వుల నూనె కూడా. అన్నయ్య ఎప్పుడొస్తాడు? పిన్నికి నమస్కారాలు.

పులిసిందంతా పారబోయడానికి చేతులు రాక ఒక సీసా ఉంచాను. నాన్న ముందు మొదటి గిన్నె అదే పోద్దాం. నీ కిమ్చి లేనిదే ఆయనకు గుక్క దిగేది కాదుగా.

నీ బోబే