లోపలి కుట్టు

చిట్టితల్లికి,

నాన్న ముద్దులతో రాసేది. నీ ఉత్తరం షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చదివి వినిపించాను! జన్యువులో ఉన్నా పైకేమీ మార్చదని, "అది నిశ్శబ్దం, వదిలెయ్" అని మీ ల్యాబు పెద్దసారు అన్న మార్పే మీ అమ్మకొచ్చిన మతిమరుపు జబ్బు ముప్పును కాస్త పెంచుతుందని పట్టుకున్నావుటగా! నా బంగారమే!

కానీ చివర్లో "నేను కనిపెట్టింది అమ్మకిక పనికిరాదు నాన్నా, ఉద్యోగం మానేస్తాను" అన్నావు. నా ప్రాణం ఉసూరుమంది.

నీ సంగతి అమ్మకు మన కుట్టుపని భాషలో చెప్పాను. ఒకే గుడ్డ, ఒకే కొలత, రెండు చొక్కాలు కుట్టి ఆమె చేతిలో పెట్టాను. ఒకదానికి దారం బిగువెక్కువ. పైకి తేడా లేదు. నలభై ఏళ్ళు నాతో కుట్టిన చెయ్యి కదా, రెండూ తిరగేసి, కుట్టు వెంట గోరు నడిపి, బిగువుదాన్నే పట్టుకుని "ఇది ముందు పిగులుతుంది" అంది. రోజూ నన్ను "ఎవరు బాబూ నువ్వు?" అని అడిగే మనిషి!

"నీ కూతురూ ఇలాగే లోపల చూసి పట్టుకుందే" అన్నాను.

"గట్టి పిల్లే. పని మానొద్దని చెప్పు" అంది.

చెప్పాను తల్లీ.

నీ నాన్న