రవి నోట్లో ఖాజా గొంతు

జనవరి 25, 1991. జుబైల్, సౌదీ

మళ్లీ సైరన్. ఇరాక్ మిస్సైలట. క్యాంపు మెస్ హాల్లో నలభై మందిమి. కిటికీలకు టేపులు, ముఖాలకు గ్యాస్ మాస్కులు. ఎవరో ఏడుస్తున్నారు. మా బస్సు డ్రైవర్ ఖాజా మాస్కు లాగేసి పాట అందుకున్నాడు. ఉర్దూలో, అప్పటికప్పుడు కట్టింది... ఇల్లు ఇంకెంత దూరమని అడిగే పాట. అతను ఆగగానే నేను తెలుగులో బదులు పాడాను. పైపులు బిగించేవాణ్ని, నాకు పాటేమిటి? సైరన్ ఆగింది. మేం ఆగలేదు.

మార్చి 8

యుద్ధం అయిపోయింది. కువైట్‌లో కాలుతున్న చమురు బావుల పొగ ఇక్కడిదాకా. మధ్యాహ్నమే బస్సుకు లైట్లు. ప్లాంటుకు పోతూ వస్తూ అదే పాట. ఖాజా అడుగుతాడు, నేను చెబుతాను. అతనిది హైదరాబాదు గొంతు, నాది జగిత్యాల గొంతు. బస్సంతా తాళం.

ఏప్రిల్ 21

ఇండియా నుంచి టీవీ వాళ్లు వస్తున్నారు. యుద్ధంలో ఇక్కడే ఉండిపోయినవాళ్ల మీద వెరైటీ షో. పాటలు, జోకులు, డాన్సులు. రికార్డింగు అల్ ఖోబర్‌లో. మన తెలుగు సంఘం సెక్రటరీ, ఇంజనీరు మూర్తి సార్, మా ఇద్దరి పేర్లూ రాసుకున్నాడు. టీవీలో వస్తానని ఖాజా ఇవాళే ఇంటికి ఉత్తరం వేశాడు.

మే 10, శుక్రవారం

పాడాం. ఒకే మైకు, పక్కపక్కన. హాలంతా లేచి చప్పట్లు. తర్వాత ఖాజాను బస్సు తెమ్మని పంపారు. నన్ను ఉండమన్నారు. ఇంకో యాంగిల్ అట. మూర్తి సార్ బామ్మర్ది రవి కోటు వేసుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మా పాటే టేపు వేశారు. పెదాలు కదపమన్నారు. కదిపాను. ఎందుకని అడగలేదు.

సెప్టెంబరు 14

టీవీలో వచ్చేసిందట. ఖాజాకు ఇంటి నుంచి ఉత్తరం. తనే చదివి వినిపించాడు. వాళ్లమ్మ గల్లీ అంతా పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టింది. తెర మీద నేను, రవి. రవి నోట్లోంచి ఖాజా గొంతు. ఖాజా బిడ్డ "మా అబ్బా పాడుతుండు" అని తండ్రి గొంతు గుర్తుపడితే అందరూ నవ్వారట.

వాళ్లు యాంగిల్ అన్నారని చెప్పాను.

"మరి ఆ రోజే నాకెందుకు చెప్పలే, లచ్చన్నా?"



సెప్టెంబరు 15

బస్సులో పాట లేదు.

సెప్టెంబరు 16

మూర్తి సార్ ఆఫీసుకు పోయాను. చేతుల గ్రీజు కూడా కడుక్కోలేదు. టీవీకి పర్సనాలిటీ కావాలట. గొంతు ఖాజాదే ఉంచాం కదా, ఇంకేం నష్టం అన్నాడు. మరి నన్నెందుకు ఉంచారు? కష్టజీవి ఒకడు ఉంటే బాగుంటుందని టీవీ వాళ్లు అన్నారట. అలంకారానికి నేను! యుద్ధం మొదలవకముందే విమానమెక్కి పారిపోయినవాడు రవి. సైరన్ చప్పుడే ఎరగడు.

తప్పు ఒప్పుకుని ఖాజా ఇంటికి ఉత్తరం రాయమన్నాను.

"అయిపోయినదానికి గొడవెందుకయ్యా? అవునూ, నీ ఇఖామా రెన్యూవల్ ఎప్పుడు?"

ఇఖామా రెన్యూ కాకపోతే ఈ దేశంలో ఉండనివ్వరు. కోపం. కోపమే... సగం భయం.

అక్టోబరు 18, శుక్రవారం

సంఘం ఫంక్షన్. రవికీ నాకూ శాలువాలు కప్పారు. ఇప్పుడు ఆ పాట స్టేజీ మీద అన్నారు. టేపు ఉంది, నువ్వు నీ ముక్క పాడు చాలు అని రవి చెవిలో చెప్పాడు. టేపు మొదలైంది. ఖాజా గొంతు. రవి నోరు తెరిచాడు.

ఆపమన్నాను. ఆపించాను.

"ఈ పాట ఖాజా భాయ్‌ది. ఆయన పాడితెనే నేను పాడుత."

డ్రైవర్లు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. మైకు అటు చాపాను. మూడు వందల తలలు అటు తిరిగాయి. ఖాజా నన్ను చూశాడు. వాళ్లను చూశాడు. బస్సు తాళాలు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

శాలువా కుర్చీ మీద పడేసి దిగాను.  

అక్టోబరు 19

నాకు వీసా ఇచ్చిన కఫీల్ ఆఫీసుకు ఎల్లుండి రమ్మని కాగితం. మూర్తి పనే.

సాయంత్రం బస్సు దిగుతుంటే, నెల తర్వాత మొదటిసారి, ఖాజా నోరు విప్పాడు.

"వాళ్లు నన్ను అడగకుంట తీసేసిండ్రు. నువ్వు నన్ను అడగకుంట పిలిచినవ్."

తలుపు మూశాడు.

రేపు ఐదున్నరకు మళ్లీ అదే బస్సు ఎక్కాలి.