మంగళవారం తీసిన ఫోటో

2018 ఆగస్టు 14, మంగళవారం, పొద్దున పది

ఒళ్లంతా ఉప్పు.

మా రేవులో మంగళవారం ఎవరూ సముద్రంలోకి దిగరు. ఆ రోజు సముద్రానిది. కానీ ఆదివారం మునిగిపోయిన ఫీఫీ ఇంకా దొరకలేదు. వాడి తండ్రి నానా ఎసుమాన్ రేవు పెద్ద. కట్టుబాటు కాపాడాల్సిన మనిషే నిన్న సాయంత్రం మా మేనమామ ఎజీర్ గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. వెళ్లమని నోరు తెరిచి అడగలేదు. రేపు దాటితే బిడ్డ ముఖం కూడా గుర్తుపట్టలేమన్నాడు, అంతే.

పొగమంచులో చిన్న పడవ వేసుకుని మామ, నేను వెళ్లాం. కెమెరా ఎందుకని మామ తిట్టాడు. అది లేకుండా నేను పెరట్లోకి కూడా వెళ్లను. నాలుగు గంటలు వల వేశాం, లాగాం. ఫీఫీ దొరకలేదు.

సెప్టెంబరు 3

ఆ రోజు తీసినవాటిలో ఒక్కటి నిలిచింది. మామ వల ఎత్తుతున్నాడు, ముఖం సగం మంచులో ఉంది. పదేళ్లుగా పెళ్లిళ్లు, అంత్యక్రియలు, పార్టీ మీటింగులు తీస్తున్నాను. ఇలాంటిది ఒక్కటీ లేదు. సంతోషంగా ఉంది. సంతోషపడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది.

2019 మార్చి 2, రాజధాని అక్రా

నా మొదటి ఎగ్జిబిషన్. గోడ మధ్యలో ఆ ఫోటోనే. గ్యాలరీ నడిపే సేనమ్ మేడమ్, పుస్తకం వేస్తామని, అట్ట మీద ఇదే ఉంటుందని చెప్పింది.

ప్రతి ఫోటో కింద ఊరు, తేదీ ఉన్నదున్నట్టు రాయడం నా పద్ధతి. దీని కిందా రాశాను. వారం మాత్రం రాయలేదు. మామని అడగనూ లేదు.

మార్చి 9

మా ఊరి టీచరమ్మ ఒకావిడ ఎగ్జిబిషన్ చూసి, ఫోన్లో క్యాలెండర్ తిప్పిందట. మా వాళ్లు తేదీ కనబడితే ముందు వారమే లెక్కపెడతారని నాకు తెలియదా? ఎంత తెలివితక్కువ దాన్ని!

మార్చి 13

రేవులో పంచాయితీ. మంగళవారం చేపలకు వెళ్లావా అని మామని నిలదీశారు. మామ నోరు విప్పలేదు. నానా ఎసుమాన్ నేల చూస్తూ కూర్చున్నాడు. శుక్రవారం లోపు జవాబు రాకపోతే మామ పడవలు ఏడాది దాకా ఇసుక దాటకూడదు. వాటి మీద తొమ్మిది కుటుంబాలు బతుకుతున్నాయి.

ఎందుకు వెళ్లామో నేను చెప్పేస్తానన్నాను.

"నోర్మూసుకోవే పిల్లా. ఆ ముసలాయనకి కొడుకెలాగూ లేడు. పరువు కూడా లేకుండా చేస్తావా?" అన్నాడు మామ.

మార్చి 15, శుక్రవారం

లేచి నిలబడ్డాను. తేదీ తప్పు రాశానని, తీసింది బుధవారమని చెప్పాను. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అక్కడ గోడ మీద ఒక మాట, ఇక్కడ ఒక మాట కుదరదన్నారు. అక్రాకి ఉత్తరం రాసి, పంపే ముందు అందరికీ చదివి వినిపించమన్నారు.

నా గొంతుతో నేనే చదివాను.

మార్చి 16

పొద్దున ఆ ఉత్తరం మెయిల్లో పంపాను. గంటలో ఫోన్ చేసింది సేనమ్ మేడమ్. ఒక్క తేదీ అబద్ధమైతే మిగతా వందా ఎలా నమ్మమంటావని అడిగింది. అన్ని ఫోటోలూ దించేస్తున్నారు. పుస్తకం లేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ ఇదే అడిగేదాన్ని. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను.

నిజం ఈ నోట్‌బుక్‌లో మాత్రమే ఉంది.

మార్చి 18

మామ పడవలు వెళ్లాయి.

మార్చి 26, మంగళవారం

అందరూ ఒడ్డున వలలు కుట్టుకుంటున్నారు. ఏ రోజో తెలియని ఫోటోల పిల్ల వచ్చిందని ఆడవాళ్లు నవ్వారు. నానా ఎసుమాన్ తన కుర్చీలో ఉన్నాడు. ఎంత పెద్దవాడు వచ్చినా కూర్చునే పలకరిస్తాడు.

నన్ను చూసి లేచి నిలబడ్డాడు.