గోడలో మోగిన ఫోను

శ్రీవారికి,

నమస్కారాలు. నేను, పిల్లది, అత్తయ్య కులాసాగానే ఉన్నాం. అక్కడ మీ మోకాలి నొప్పి తగ్గిందనుకుంటాను.

మీ ఉత్తరం అందింది. పిల్లదానికి ముందుపళ్లు వచ్చేశాయి. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మానేసింది. అత్తయ్య మందులు వేసుకుంటున్నారు, నేను ఎదురుగా నిలబడితేనే.

పని సంగతి అడిగారు. మొదలుపెట్టేశాను. బొక్కలు పడ్డ జిప్సం బోర్డు గోడలు, అదే లోపల డొల్లగా ఉండేవి, బాగుచేయడమే. "మేకు కొట్టమంటే వేలు కొట్టుకుంటావు, నీకెందుకే గోడల పని!" అని మీరు వెళ్తూ వెళ్తూ అన్నమాట మర్చిపోలేదు. రంగుల దుకాణంలో ఇన్నేళ్లు పుట్టీ డబ్బాలు అమ్మినదాన్ని, పూయలేనా?

మొదటి బేరం పైవాటా టీచరమ్మది. తలుపు పిడి తగిలి ఆవిడ గదిలో గోడకు పళ్లెమంత బొక్క పడింది. చుట్టూ సాపుగా కోసి, కొత్త ముక్క బిగించి, అతుకుల మీద టేపు అంటించి, త్వరగా ఆరే పుట్టీ పూసి నున్నగా రుద్దాను. ఆవిడకు తప్పులు వెతికే అలవాటు ఇంకా పోలేదు. కిటికీలు మూసి, టార్చిలైటు గోడకు ఆనించి పక్కవాటుగా వేశారు. అలా వేస్తే గోరంత ఎత్తున్నా నీడ పడుతుంది. పడలేదు!

"ఇంతకీ బొక్క ఎక్కడుండేదమ్మా?" అన్నారు. నేను గాల్లో తేలిపోయాను.

సరిగ్గా అప్పుడే గోడలోంచి ఫోను మోగింది. మీ ఒక్కరికే పెట్టుకున్న పాట. లోపల వైర్లున్నాయేమో చూద్దామని ఫోను లైటు వేసి గోడ లోపలి అడ్డచెక్క మీద పెట్టి, దాంతో సహా మూసేశానండీ!

"పక్కింట్లో ఫోనెత్తే దిక్కే లేదా?" అని టీచరమ్మ విసుక్కున్నారు. అవునని ఊరుకుంటే పేరు దక్కేది. ఫోను పోతే పోయింది, ఇంకోటి కొనుక్కోవచ్చు. కానీ మీరు అలా పిలుస్తుంటే నా వల్ల కాలేదు. కత్తి తీసుకుని ఆ నున్నటి గోడను కోసేశాను. చేతికందేసరికి ఆగిపోయింది. తిరిగి చేస్తే మీ ఫోను కలవలేదు. అక్కడ మీకు సిగ్నలు దొరికేదే ఎప్పుడో ఒకసారి కదా. అక్కడే కూలబడి ఏడ్చాను.

"మీ ఆయనా? ముందు మంచినీళ్లు తాగు. గోడ ఎక్కడికీ పోదులే" అన్నారు టీచరమ్మ. రెండోసారి అతుకుతుంటే పక్కనే కూర్చుని చూసి, ఊరంతా చెప్పారు. ఇప్పుడు కిందవాటావాళ్లు, మందుల షాపాయన పిలుస్తున్నారు. ఫోను బయట పెట్టి మరీ పని మొదలుపెట్టమంటున్నారు.

ఫోను ఎత్తలేదు, ఇంకా కోపమేనా అని రాశారు. అబద్ధమెందుకు, మీరు వెళ్తూ ఆ మాటన్నప్పటి నుంచి కోపంగానే ఉన్నాను. గోడ కోస్తూ చూసుకుంటే ఆ కోపం లేదు.

ఇప్పుడు ఫోను తాడు కట్టి మెడలో వేసుకుంటున్నాను. మళ్లీ చేయండి. ఈసారి ఏ గోడా కోయక్కర్లేదు.

ఇట్లు,
మీ ఇల్లాలు