లెక్కలోకి రాని వేసవి

ప్రిన్సిపాల్ గారికి నమస్కారాలతో,

వేసవిలో మన బడిలో నడిపిన రచన, సాహిత్యం క్లాసులు రెండూ పూర్తిచేశాను. వాటిని లెక్కలోకి తీసుకుని నన్ను పదో తరగతిలో చేర్చుకోమని వేడుకుంటున్నాను. చలికాలం రాగానే లెట్యూస్ ఆకుకూర కోతల కోసం మేమంతా ఈ సలీనాస్ ఊరు వదిలి ఎడారిలోని యూమా పొలాలకు వెళ్లిపోతాం. అందుకే నేను ఒకేచోట మొదలుపెట్టి ముగించిన చదువు ఇదొక్కటే. ‘దిగంతం’ అనే మాట అక్కడే నేర్చుకున్నాను. అంతకుముందు దాన్ని ‘సాళ్లు అయిపోయే చోటు’ అనేదాన్ని.

కౌన్సిలర్ గారు, “అవి సరదా క్లాసులమ్మా, లెక్కలోకి రావు. పోయినేడు తొమ్మిది మధ్యలో వదిలేశావు కాబట్టి మళ్లీ తొమ్మిదే చదవాలి” అన్నారు.

అది విని నాన్న నవ్వాడు. “నేను కోసి నింపిన పెట్టెలనైనా లెక్కపెడతారే! పదిలో వేస్తే ఇక్కడే మీ అత్త దగ్గరుండి చదువుకో. లేదంటే నాతో కోతకి రా” అన్నాడు. నా చేతికి సరిపడే కత్తి కూడా కొని తెచ్చాడు.

మా అక్క బ్రిసేయిడా కూడా తొమ్మిదితోనే ఆగిపోయి కత్తి పట్టింది. తను పని నుంచి రాగానే కొత్త మాటలు చెబుతుంటాను. మొన్న గోడవైపు తిరిగి పడుకుని, “ఇక చాలు ఆపవే! నడుం నొప్పికన్నా నీ మాటలే ఎక్కువ బాధపెడుతున్నాయి” అంది.

ఏ పరీక్ష పెట్టినా రాస్తాను. దయచేసి శుక్రవారంలోగా కబురు చేయండి. శనివారం మా బండి బయలుదేరుతుంది. అప్పటికి కుదరకపోతే జవాబు పంపకండి. మేముంటున్న ఈ గదిలోకి వేరే కూలీలు వస్తారు, వాళ్లకి నేనెవరో తెలియదు.

ఇప్పటికైతే,
మీ విద్యార్థిని